9, 13 ఏళ్ల పిల్లలతో లండన్‌లో ఐదు రోజులు: ప్రయాణ ఖర్చు తగ్గేదెలా?

9 ఏళ్ల పాపకు ట్యూబ్‌లోనూ (లండన్ భూగర్భ మెట్రో), బస్సులోనూ టికెట్ అక్కర్లేదు. 11 నిండని పిల్లలు పెద్దలతో కలిసి ట్యూబ్‌లో ఉచితంగా వెళ్లొచ్చు. సిబ్బంది ఉండే వెడల్పు గేటు దగ్గరకు తీసుకెళ్లండి. చిక్కంతా 13 ఏళ్ల బాబుతోనే. గేటు దగ్గర బ్యాంకు కార్డు తాకిస్తే పెద్దల ఛార్జీ పడుతుంది. ఆయిస్టర్ కార్డు (డబ్బు వేసుకుని వాడే లండన్ ప్రయాణ కార్డు) కొని, ట్యూబ్ స్టేషన్ సిబ్బందిని అడిగి 'యంగ్ విజిటర్' రాయితీ పెట్టించండి. 14 రోజులపాటు సగం ఛార్జీయే.

పెద్దలకు ఎవరి కార్డు వారికే ఉండాలి. ఎక్కేటప్పుడు ఫోను, దిగేటప్పుడు కార్డు తాకిస్తే (రెండూ ఒకే బ్యాంకు ఖాతావైనా సరే) రెండు అసంపూర్ణ ప్రయాణాలుగా లెక్కించి గరిష్ఠ ఛార్జీ లాగేస్తారు.

ప్రాచీన శిలా వలయం స్టోన్‌హెంజ్‌కు లండన్‌లోని వాటర్లూ స్టేషన్ నుంచి సాల్స్‌బరీ దాకా రైల్లో దాదాపు గంటన్నర, అక్కణ్ణుంచి బస్సు. వారాంతంలో వెళ్తే ఫ్యామిలీ అండ్ ఫ్రెండ్స్ రైల్‌కార్డుతో (రైలు టికెట్లపై రాయితీ ఇచ్చే కార్డు) పెద్దలకు మూడో వంతు, పిల్లలకు 60 శాతం తగ్గుతుంది.