పాల పొంగు నుంచి పసుపు మూత డబ్బా దాకా: టార్నీట్ పరిసరాల పాఠకుల ప్రశ్నలు

మెల్‌బోర్న్ పడమటి శివార్లయిన టార్నీట్, ట్రుగనైనా, పాయింట్ కుక్, వెరిబీల నుంచి వచ్చిన ప్రశ్నల్లో నాలుగింటికి ఈసారి జవాబులు. ఈ ఊళ్లు విండమ్ కౌన్సిల్ కిందివి, ట్రుగనైనాలో కొంత భాగం మాత్రం మెల్టన్ కౌన్సిల్‌ది. కింద చెప్పిన నియమాల్లో ఎక్కువ భాగం విక్టోరియా రాష్ట్రానివి.

ప్రశ్న: ట్రుగనైనాలో కట్టించుకున్న కొత్త ఇంటికి మాఘమాసంలో గృహప్రవేశం. ముహూర్తం తెల్లవారుజామున 5 గంటలకు. ఇంట్లో హోమం చేసుకోవచ్చా? ఇరుగుపొరుగుతో మాట పడకుండా ఏం చూసుకోవాలి?

జవాబు: ముందు పాల సంగతి. 2024 జనవరి 1 తర్వాత ప్లానింగ్ పర్మిట్‌కు అప్లై చేసిన కొత్త ఇళ్లకు ఇక్కడ గ్యాస్ కనెక్షన్ లేదు. కాబట్టి మీ వంటగదిలో ఉన్నది బహుశా ఇండక్షన్ పొయ్యి. దాని మీద ఇత్తడి, రాగి, వెండి గిన్నెలు వేడెక్కవు. అడుగుకు అయస్కాంతం అతుక్కునే స్టీలు గిన్నె కావాలి. పొంగిన పాలు టచ్ బటన్ల మీద పడితే చాలా పొయ్యిలు కూతపెట్టి ఆగిపోతాయి. అందరూ కెమెరాలు పట్టుకుని నిలబడ్డ సమయంలో ఆ గోల వద్దనుకుంటే చిన్న గిన్నె తీసుకుని, బటన్లకు దూరంగా వెనక ప్లేటు మీద పెట్టండి. ముందురోజు ఒకసారి నీళ్లు కాచి చూసుకోండి.

హోమం ఇంటి లోపల చేయకూడదని ఎక్కడా లేదు, కానీ మా సలహా మాత్రం వద్దనే. కొత్త ఇళ్లలో పొగ అలారాలన్నీ ఒకదానికొకటి కలిపి ఉంటాయి. హాల్లో ఒకటి మోగితే పడకగదుల దగ్గరివీ మోగుతాయి. అలారం మీది హష్ బటన్ నొక్కితే కొన్ని నిమిషాలు ఊరుకుంటుంది, పొగ తగ్గకపోతే మళ్లీ మొదలు. కొందరు దానికి ప్లాస్టిక్ కవరు తొడుగుతారు. పూజ హడావిడిలో అది తీయడం మరిచిపోతారు, అసలు ప్రమాదం అక్కడుంది. వెనకవైపు ఆల్‌ఫ్రెస్కో (పైకప్పున్న వరండా) అంచున, పైకప్పు కిందికి రాకుండా, కాంక్రీటు మీద రెండు వరసల ఇటుకలు పరిచి వాటి మీద కుండం పెట్టండి. లోపలే తప్పదంటే చిన్న కుండం తీసుకోండి, ఇటుకల కింద ఇసుక పోసిన ట్రే ఉండాలి. హైబ్రిడ్ ఫ్లోరింగ్ వేడికి ఉబ్బుతుంది, ఆ ఖర్చు మీదే. పొగ ఎక్కువగా వచ్చేది తడి సమిధల వల్ల. పెరట్లోని యూకలిప్టస్ పుల్లలు వాడకండి, బాగా ఎండిన మామిడి పుల్లలు తెచ్చుకోండి.

ముఖ్యమైనది ఇంకోటి. టోటల్ ఫైర్ బ్యాన్ ప్రకటించిన రోజున అర్ధరాత్రి నుంచి అర్ధరాత్రి దాకా ఆరుబయట కట్టెల నిప్పు నేరం, అది హోమమైనా సరే. మాఘమాసం ఇక్కడ వేసవి చివరన వస్తుంది, అప్పుడు ఈ ప్రకటనలు మామూలే. సాధారణంగా ముందురోజే చెబుతారు కాబట్టి విక్ ఎమర్జెన్సీ యాప్ చూడండి, ఆ రోజు పడితే దీపారాధనతో సరిపెట్టమని పురోహితుడితో ముందే అనుకోండి. పూజయ్యాక నిప్పుల మీద నీళ్లు పోసి, మర్నాటి దాకా ఆరనిచ్చి అప్పుడు చెత్తలో వేయండి. వేడి బూడిద లారీల్లో మంటలు రేపుతుంది.

5 గంటలకు స్పీకర్లో నాదస్వరం పెట్టకండి. సోమవారం నుంచి శుక్రవారం దాకా ఉదయం 7కి ముందు, శని ఆదివారాల్లో 9కి ముందు పక్కింటి గదిలోకి వినిపించే సంగీతానికి అనుమతి లేదు. మంత్రాలు మామూలు గొంతులో చదివితే ఎవరికీ ఇబ్బంది ఉండదు. రెండురోజుల ముందు రెండువైపులా, ఎదుటివాళ్లకు చీటీ ఇవ్వండి: తేదీ, సమయం, పొగ వస్తుందని, మీ ఫోన్ నంబరు. అతిథుల కార్లు నేచర్ స్ట్రిప్ (ఇంటి ముందు రోడ్డు పక్కనుండే గడ్డి) మీద, ఫుట్‌పాత్‌కు అడ్డంగా పెడితే ఫైన్. ఇంటి ముందున్న గడ్డి మనదే కదా అనుకునేవాళ్లకు ఈ ఫైన్లు ఎక్కువ పడతాయి.

ప్రశ్న: పాపకు వచ్చే మార్చిలో మూడేళ్లు నిండుతాయి. టీకాలన్నీ హైదరాబాద్‌లోనే వేయించాం. కార్డు చూపిస్తే కిండర్ (బడికి ముందు చేరే తరగతి) వాళ్లు చాలదంటున్నారు.

జవాబు: నిజంగానే చాలదు. విక్టోరియాలో కిండర్ చేర్పించడానికి ఆస్ట్రేలియన్ ఇమ్యునైజేషన్ రిజిస్టర్ ఇచ్చే స్టేట్‌మెంట్ కావాలి. విదేశంలో వేసిన టీకాలు అందులో వాటంతట అవి కనపడవు. అసలు కార్డు తీసుకుని జీపీ (ఫ్యామిలీ డాక్టరు) దగ్గరికో, కౌన్సిల్ ఇమ్యునైజేషన్ నర్సు దగ్గరికో వెళ్లండి. బ్రాండు స్టిక్కర్లు, తేదీలు స్పష్టంగా కనిపించాలి. వాళ్లు ఎక్కించాకే స్టేట్‌మెంట్ వస్తుంది.

మనవాళ్లకు సాధారణంగా తక్కువపడేవి రెండు. మన ప్రభుత్వ షెడ్యూలులో ఎం.ఆర్. (తట్టు, రుబెల్లా టీకా) మొదటి డోసు 9 నెలలకు వేస్తారు, అందులో గవదబిళ్లల మందు ఉండదు. ఇక్కడ ఎం.ఎం.ఆర్. (గవదబిళ్లల మందు కూడా కలిసినది) 12 నెలలకు వేస్తారు, 11 నెలలలోపు వేసిన డోసు లెక్కకు రాదు. రెండోది మెనింజోకాకల్ ఏసీడబ్ల్యూవై (మెదడు పొరల వాపు తెచ్చే సూక్ష్మజీవికి టీకా). ఇక్కడ 12 నెలలకు వేసే ఈ టీకా మన ప్రభుత్వ జాబితాలో లేదు. తక్కువైనవాటికి క్యాచప్ షెడ్యూలు రాసిస్తారు. ఒక్కరోజులో అయ్యే పని కాదు, దరఖాస్తు గడువుకు రెండు నెలల ముందే మొదలుపెట్టండి. మెడికేర్ (ఇక్కడి ప్రభుత్వ ఆరోగ్య బీమా) లేకపోతే ధర ముందే అడగండి.

వయసు లెక్క ఇది: ఆ ఏడాది ఏప్రిల్ 30కి మూడేళ్లు నిండాలి. మార్చిలో పుట్టిన పాపను ఆ ఏడాదే చేర్చవచ్చు, మరీ చిన్నదనిపిస్తే ఇంకో ఏడాది ఆగవచ్చు. బడికీ ఐదేళ్లకు అదే ఏప్రిల్ 30 లెక్క.

ప్రశ్న: అమ్మకు ఇంగ్లిష్ రాదు. డాక్టరు దగ్గర నేనే చెబితే సరిపోదా?

జవాబు: జలుబు, ఒళ్లు నొప్పులైతే సరే. ఆపరేషన్‌కు సమ్మతి, కొత్త మందుల మోతాదు, కొడుకుతో చెప్పుకోలేని ఆడవాళ్ల సమస్యల దగ్గర సరిపోదు. క్లినిక్‌కు ఫోన్ చేసేటప్పుడే “తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలి” అనండి. టిస్ నేషనల్ (ప్రభుత్వ ఇంటర్‌ప్రెటర్ సేవ) నంబరు 131 450, రోజంతా పనిచేస్తుంది. హిందీ, తెలుగు ఒకటే అనుకునే రిసెప్షన్లు ఉంటాయి కాబట్టి భాష పేరు రెండుసార్లు చెప్పండి. మెడికేర్ ఉన్నవాళ్లకు జీపీ దగ్గర ఇది ఉచితం. విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నలకు మెడికేర్ ఉండదు గనుక ఖర్చు ఎవరు పెట్టుకోవాలో ముందే తేల్చుకోండి.

ప్రశ్న: పసుపు మూత డబ్బా (రీసైక్లింగ్‌ది) ఖాళీ చేయకుండా ట్యాగ్ తగిలించి వెళ్లారు. ఎందుకు?

జవాబు: ఎక్కువసార్లు కారణం ప్లాస్టిక్ సంచుల్లో మూటకట్టి వేయడం. మనవాళ్ల ఇళ్లలో రెండోది నేసిన బియ్యం బస్తా. అది యంత్రాల చక్రాలకు చుట్టుకుంటుంది, చెత్త డబ్బాలో వేయాలి. అట్టపెట్టెలు చదును చేసి విడిగా వేయండి. మూత పూర్తిగా మూయాలి, హ్యాండిల్ ఇంటివైపు ఉండాలి, కార్లకు, చెట్లకు దూరంగా ఉంటేనే లారీ చేయి పట్టుకోగలదు. కూల్‌డ్రింక్ సీసాలు, క్యాన్లు మాత్రం విడిగా దాచండి: 2023 నవంబరు 1 నుంచి ఒక్కోదానికి 10 సెంట్లు తిరిగి ఇస్తున్నారు. మామూలు పాల సీసాలకు ఇవ్వరు.