సమాధానం: గ్రాఫు 114 మెగాబిట్లు దాటకపోతే
అన్నా, తిరుపతి బస్టాండు దగ్గర లాడ్జీలకిచ్చిన గిగాబిట్ లైనులో సాయంత్రం రౌటరు సెకనుకు 400 మెగాబిట్లు చూపిస్తుంటే, ట్రాఫిక్‌ను గ్రాఫుగా గీసే కాక్టై సాఫ్ట్‌వేరులో మాత్రం 114 దాటడం లేదన్నారు. ఆ 114 అంకే దొంగను పట్టిస్తోంది. లైను జోలికి వెళ్లకండి, అది బాగానే ఉంది.

మీరు చదువుతున్నది 32 బిట్ల కౌంటరు, అంటే లైనులో వెళ్లిన బైట్లను రౌటరు లెక్కపెట్టే మీటరు. పాత స్కూటరు మీటరులాగా, సుమారు 429 కోట్ల బైట్లకు నిండి మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. కాక్టై ఐదు నిమిషాలకోసారి చూస్తుంది. మధ్యలో ఒకసారి తిరిగితే సర్దుకుంటుంది, రెండుసార్లు తిరిగితే కనిపెట్టే దారే లేదు. 429 కోట్లను 8తో గుణించి 300 సెకన్లతో భాగించండి, సెకనుకు 114 మెగాబిట్లే వస్తాయి. గిగాబిట్ నిండా నడిస్తే 34 సెకన్లకే ఒక చుట్టు. అందుకే రద్దీ పెరిగినప్పుడు గ్రాఫు పడిపోనూవచ్చు. బ్రహ్మోత్సవాల్లో అది చూసి యాత్రికులు రాలేదనుకోకండి!

కాక్టై డివైస్ సెట్టింగుల్లో ఎస్ఎన్ఎంపీ (రౌటరు నుంచి లెక్కలు అడిగి తెచ్చుకునే పద్ధతి) వెర్షన్ 1 ఉంటే 2కి మార్చండి, ఒకటిలో 64 బిట్ల కౌంటర్లు రావు. తర్వాత 64 బిట్ల టెంప్లేటుతో కొత్త గ్రాఫు పెట్టండి. పాతదాన్ని దిద్దుతూ కూర్చోవద్దు, పోయిన లెక్క తిరిగి రాదు.

అప్పుడూ గ్రాఫులో ఖాళీలొస్తే డేటా సోర్సులో గరిష్ఠ విలువ చూడండి. 100 మెగాబిట్లకు సరిపడా పెట్టి ఉంటే అంతకు మించిన రీడింగులను ఆర్ఆర్‌డీ (కాక్టై రీడింగులు దాచుకునే ఫైలు) పారేస్తుంది. అక్కడ లెక్క బైట్లలో ఉంటుంది, బిట్లలో కాదు. రౌటరు అంకెతో అచ్చంగా కలవదులెండి, గ్రాఫు చూపేది ఐదు నిమిషాల సగటు.