సికిల్ సెల్ ‘ఏఎస్’ ఉన్న పిల్లలకు మలేరియా రాదా?

ప్రశ్న: మాది పాడేరు దగ్గర ఊరు. మా బాబుకు ఎనిమిదేళ్లు, బరువు 20 కిలోలు. బడిలో రక్తపరీక్ష చేసి సికిల్ సెల్ ‘ఏఎస్’ అని కార్డు ఇచ్చారు. ఆ రక్తం ఉన్నవాళ్లకు మలేరియా రాదని ఊళ్లో అన్నారు. కానీ పోయిన నెలలో వైవాక్స్ మలేరియా వచ్చింది. మూడు రోజుల మందుతో జ్వరం తగ్గింది. దాంతోపాటు 14 రోజులు వేయమని ప్రైమాక్విన్ ఇచ్చారు. నాలుగో రోజున మూత్రం నల్లటి టీ డికాక్షన్‌లా వచ్చింది, కళ్లు పచ్చబడ్డాయి. భయపడి ఆపేశాం, రెండు మూడు రోజుల్లో మామూలైంది. మిగతా మాత్రలు ఇప్పుడు వేయాలా? మా అక్క కొడుకుకు ‘ఎస్ఎస్’ ఉంది. వాడికి మలేరియా నుంచి రక్షణ ఇంకా ఎక్కువగా ఉంటుందా?
- ఒక పాఠకురాలు

జవాబు: మిగిలిన మాత్రలు వేయకండి. పరీక్ష చేయించకుండా మళ్లీ మొదలుపెట్టకండి. మూత్రం రంగు చూసి ఆపడం సరైన పనే. మీరు రాసిన లక్షణాలను బట్టి బాబుకు సికిల్‌తో సంబంధం లేని మరో జన్యులోపం, జీ6పీడీ లోపం, ఉండే అవకాశం ఎక్కువ. దాని గురించి చెప్పేముందు ‘మలేరియా రాదు’ అన్న మాట సంగతి చూద్దాం, ఎందుకంటే ఆ నమ్మకంతో ఏజెన్సీలో పిల్లలకు దోమతెర కట్టడం మానేస్తే ప్రాణం మీదికి వస్తుంది.

ఏఎస్ అంటే అమ్మ, నాన్నల్లో ఒకరి నుంచి మామూలు హిమోగ్లోబిన్ జన్యువు, మరొకరి నుంచి సికిల్ జన్యువు వచ్చాయని అర్థం. దాన్ని జబ్బుగా లెక్కించరు. ఈ పిల్లలకు ఫాల్సిపేరం అనే ప్రమాదకరమైన రకం మలేరియా ముదిరి మెదడుకు ఎక్కడం, రక్తం ప్రమాదకరంగా పడిపోవడం చాలా తక్కువ. ముదిరే ముప్పు దాదాపు 90 శాతం తగ్గుతుందని ఆఫ్రికాలోని అధ్యయనాలు తేల్చాయి. తూర్పు ఆఫ్రికాలో ఈ సంబంధాన్ని ఆలిసన్ అనే వైద్యుడు 1954లోనే చూపించాడు. అయితే దోమ కుట్టడం, పరాన్నజీవి ఒంట్లోకి చేరడం ఆగవు. పరాన్నజీవి ఉన్న ఎర్రకణం తొందరగా కొడవలి ఆకారంలోకి వంగుతుంది, ప్లీహం దాన్ని ఏరి నాశనం చేస్తుంది. ఫాల్సిపేరం సోకిన కణాలు చిన్న రక్తనాళాల గోడలకు అతుక్కోవడం కూడా తగ్గుతుంది. అంటే పోరు మొదలయ్యేది పరాన్నజీవి లోపలికి వచ్చాకే. పైగా ఈ లెక్కలన్నీ ఫాల్సిపేరానివి. మీ బాబుకు వచ్చిన వైవాక్స్‌కు ఇదే రక్షణ ఉంటుందని ధైర్యం పడకూడదు.

మన మన్యానికి సంబంధించిన ఇంకో విషయం కూడా ఉంది. కోయదొరలు, కొండరెడ్ల వంటి తెగల్లో ఆల్ఫా థలసీమియా (హిమోగ్లోబిన్ తయారీ తగ్గే జన్యులోపం) చాలామందికి ఉంటుంది. విడిగా చూస్తే అది కూడా మలేరియా నుంచి కొంత కాపాడేదే. కానీ సికిల్ ఏఎస్, ఆల్ఫా థలసీమియా రెండూ ఒకే బిడ్డలో కలిస్తే ఆ రక్షణ దాదాపుగా పోతుందని కెన్యా తీరంలోని కిలిఫీ పిల్లల్లో కనిపించింది. కాబట్టి కార్డు మీద ఏఎస్ అని ఉన్నంత మాత్రాన ఆ బిడ్డకు రక్షణ ఎంతుందో చెప్పలేం.

ఇక మాత్రల సంగతి. వైవాక్స్ పరాన్నజీవుల్లో కొన్ని కాలేయంలో నిద్రాణంగా దాక్కుని, వారాల తర్వాతో నెలల తర్వాతో మళ్లీ జ్వరం తెస్తాయి. మూడు రోజుల క్లోరోక్విన్ రక్తంలో ఉన్నవాటినే చంపుతుంది. కాలేయంలోవాటి కోసం ప్రైమాక్విన్ ఇస్తారు: కిలోకు రోజుకు 0.25 మి.గ్రా., అంటే మీ బాబుకు రోజుకు 5 మి.గ్రా., 14 రోజులు. జీ6పీడీ అనే ఎంజైమ్ తక్కువగా ఉన్న ఎర్రకణాలు ఈ మందు ధాటికి తట్టుకోలేక పగిలిపోతాయి. మందు మొదలుపెట్టిన రెండు నుంచి నాలుగు రోజుల్లో మూత్రం నల్లబడటం, కళ్లు పచ్చబడటం, నీరసం, ఆయాసం దాని గుర్తులు. జ్వరంలో నీళ్లు తక్కువ తాగినా మూత్రం చిక్కబడుతుంది, కానీ కళ్లు పచ్చబడవు. ఏఎస్ ఉన్నవాళ్లలో కొందరికి మూత్రంలో రక్తం పడుతుంది, అప్పుడూ కామెర్లు ఉండవు. మీ బాబుకు రెండూ కలిసే వచ్చాయి, మందు ఆపాక తగ్గాయి.

పరీక్షకు ఏ సమయంలో వెళ్తున్నారన్నది ముఖ్యం. చాలాచోట్ల పొరపాటు ఇక్కడే జరుగుతుంది. ఎర్రకణాలు పగిలినప్పుడు ఎంజైమ్ తక్కువున్న ముసలి కణాలు ముందు పోతాయి. మిగిలేవి, కొత్తగా పుట్టేవి లేత కణాలు, వాటిలో ఎంజైమ్ ఎక్కువ. అందుకని ఇప్పుడు చేస్తే లోపం ఉన్న పిల్లవాడికి కూడా ‘నార్మల్’ అని రావచ్చు. ‘లోపం ఉంది’ అని వస్తే నమ్మండి. ‘నార్మల్’ అని వస్తే మూడు నెలల తర్వాత మళ్లీ చేయించండి. ఈలోగా రక్తం ఎక్కించి ఉంటే ఆ సంగతి ల్యాబ్‌వాళ్లకు చెప్పాలి. పాడేరులో పరీక్ష లేకపోతే నమూనా పంపడం కన్నా బాబును విశాఖ కేజీహెచ్‌కు తీసుకెళ్లడం మేలు. నమూనా పంపక తప్పకపోతే ఊదారంగు మూత ఉన్న ఈడీటీఏ గొట్టంలో తీసి చల్లగా ఉంచి పంపాలి. ఎండలో ప్రయాణిస్తే ఎంజైమ్ దెబ్బతిని లేని లోపం ఉన్నట్టు చూపిస్తుంది. ఇదే వారంలో హిమోగ్లోబిన్, రెటిక్యులోసైట్ కౌంట్ (లేత ఎర్రకణాల లెక్క), బిలిరుబిన్ (కామెర్ల పరీక్ష) కూడా చూపించండి.

లోపం ఖాయమైతే మందు అసలు వేయకూడదని కాదు. కిలోకు 0.75 మి.గ్రా. చొప్పున, మీ బాబుకు 15 మి.గ్రా., వారానికి ఒక్కసారే ఎనిమిది వారాలు ఇచ్చే పద్ధతి ఉంది. ప్రతి మోతాదు తర్వాత మూత్రం రంగు, హిమోగ్లోబిన్ చూస్తూ, అవసరమైతే రక్తం ఎక్కించే వీలున్న ఆసుపత్రి పర్యవేక్షణలోనే దాన్ని వాడాలి. ఇంట్లో మీ అంతట మీరు మొదలుపెట్టకండి. అది పూర్తయ్యేదాకా జ్వరం ఎప్పుడు వచ్చినా అదే రోజు ఆశా కార్యకర్తతో రక్తపరీక్ష చేయించండి. గతంలో ఫాల్సిపేరం వచ్చినవాళ్లకు కిట్ పరీక్ష మందు వాడాక కూడా కొన్ని వారాలు పాజిటివ్ చూపించవచ్చు. అలాంటప్పుడు స్లైడ్ పరీక్ష అడగండి.

జీ6పీడీ జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది. మగబిడ్డకు అది తల్లి నుంచే వస్తుంది. కాబట్టి మీ అన్నదమ్ములు, మీ మిగతా కొడుకులు కూడా పరీక్ష చేయించుకోవాలి. ఆడవాళ్లలో కొందరికి ఎంజైమ్ మధ్యస్థంగా ఉంటుంది. ఉందా లేదా అని మాత్రమే చెప్పే పరీక్ష దాన్ని పట్టుకోలేదు, ఎంత ఉందో కొలిచే పరీక్ష అడగాలి. మన పక్కనున్న ఒడిశా గిరిజనుల్లో ఎక్కువగా కనిపించే జీ6పీడీ లోపం రకానికి వైద్యంలో ‘ఒరిస్సా’ అనే పేరే ఉంది. లోపం ఉంటే డాప్సోన్, నైట్రోఫ్యురాంటోయిన్ వంటి మందులు, బట్టల్లో పెట్టే నాఫ్తలీన్ ఉండలు కూడా ప్రమాదం. ‘బీన్స్ తినొద్దు’ అని కొందరు చెబుతారు. ఆ హెచ్చరిక ఫావా అనే గింజకు. మనం తినే చిక్కుడు, అలసందలు వేరు, వాటిని ఆపనక్కర్లేదు.

మీ అక్క కొడుకు విషయం దీనికి పూర్తిగా భిన్నం. రెండు సికిల్ జన్యువులు ఉంటే రక్షణ రెట్టింపు కాదు. ఎస్ఎస్ పిల్లల ప్లీహం చిన్నప్పుడే పనిచేయడం మానేస్తుంది, రక్తం ముందే తక్కువగా ఉంటుంది. వాళ్లకు మలేరియా వస్తే తీవ్ర రక్తహీనత, ఒళ్లంతా నొప్పుల దాడి ఒకేసారి ముంచుకొస్తాయి. వాడు ఏడాది పొడవునా మందు పూసిన దోమతెరలోనే పడుకోవాలి. న్యూమోకోకల్ టీకా వేయించాలి, ఐదేళ్లలోపు అయితే రోజూ రెండుపూటలా పెన్సిలిన్ ఇవ్వాలి, డాక్టర్ రాసిన హైడ్రాక్సీయూరియా మానకూడదు. జ్వరం 38.5 డిగ్రీల సెల్సియస్, అంటే 101.3 ఫారన్‌హీట్ దాటితే పారాసిటమాల్ వేసి తెల్లారేదాకా చూడొద్దు. రాత్రయినా 108కు ఫోన్ చేసి ఆసుపత్రికి తీసుకెళ్లండి, సికిల్ కార్డు చేతిలో పెట్టుకుని ‘ఎస్ఎస్’ అని మొదటి మాటగా చెప్పమనండి.