ఏడున్నరా? తొమ్మిదిన్నరా?

తమ్ముడూ,

నీ పంపుసెట్టు స్టార్టర్ మాన్యువల్ చదివాను. భాష హాయిగా ఉంది. కానీ 5 హెచ్‌పీ మోటారుకు ఓవర్‌లోడ్ రిలే (కరెంటు మితిమీరితే మోటారును ఆపేసేది) 9వ పేజీలో 7.5 ఆంప్స్ దగ్గర పెట్టమన్నావు, 21వ పేజీలో 9.5 అన్నావు. డైరెక్ట్ స్టార్టర్ మీద, 415 వోల్టుల త్రీఫేజులో ఆ మోటారు ఫుల్ లోడుకు తీసుకునేదే సుమారు ఏడున్నర. రైతు 21వ పేజీ చూసి నాబ్ తిప్పాడంటే, లోడు ఎక్కువై మోటారు వేడెక్కుతున్నా రిలే ట్రిప్ కాదు. వైండింగ్ కాలిపోతుంది.

పుస్తకాలు కూర్చే లేటెక్ సాఫ్ట్‌వేర్‌లో రాస్తూ కూడా ఆ అంకెను ప్రతిచోటా చేత్తో కొట్టావు చూడు, అక్కడే నాకు మండింది. ‘ఫైండ్ అండ్ రీప్లేస్ కొడితే పోతుంది కదండీ’ అనే ఎడిటర్ల మాట వినకు. రేపు 7.5ను 8 చేయాల్సొస్తే, టేబుల్లో ఉన్న 7.5 హెచ్‌పీ మోటారు కూడా 8 హెచ్‌పీ అయి కూర్చుంటుంది. ఆ తప్పు వాళ్ల కంటికి ఆనదు, పుస్తకం మీద పేరు మాత్రం నీది.

విలువలన్నీ వేరే ఫైల్లో పెట్టి, ప్రియాంబుల్‌లో (అసలు ఫైలు మొదట్లో అమరికలు రాసే చోటు) ఇన్‌పుట్ కమాండుతో పిలువు. ఒక్కో విలువకు ఒక్కో న్యూకమాండ్ (విలువకు పేరు పెట్టే ఆదేశం; అలా పెట్టిన పేరునే మాక్రో అంటారు): మొదటి ఫ్లవర్ బ్రాకెట్లో బ్యాక్‌స్లాష్‌తో పేరు, రెండోదాంట్లో విలువ. పేరు అంకెను బట్టి కాదు, అది చేసే పనిని బట్టి పెట్టు: ‘రిలేసెట్టింగ్’ అన్నట్టు, ఇంగ్లిషు అక్షరాల్లో. పేర్లలో అంకెలు పనికిరావు. ఇదే పనికి ఉన్న డెఫ్ అనే ఆదేశం వాడకు. అదే పేరు ముందే ఉంటే న్యూకమాండ్ ఎర్రరిచ్చి ఆపుతుంది, డెఫ్ చప్పుడు చేయకుండా పాతదాన్ని తుడిచేస్తుంది.

వాక్యంలో ఆ పేరు వాడి, వెనక స్పేస్ కొడితే లేటెక్ ఆ స్పేస్‌ను మింగేస్తుంది, ‘7.5ఆంప్స్’ అని అంటుకుపోయి వస్తుంది. పోనీ స్పేస్ లేకుండా తెలుగక్షరం తగిలిస్తే, జీలేటెక్ (తెలుగు లిపిని నేరుగా తీసుకునే లేటెక్ రకం) దాన్ని కూడా మాక్రో పేరులో కలిపేసుకుని ‘అన్‌డిఫైన్డ్ కంట్రోల్ సీక్వెన్స్’, అంటే ఆ పేరు తనకు తెలీదు అంటుంది. రెండింటికీ మందు ఒకటే, పేరు వెనక ఖాళీ ఫ్లవర్ బ్రాకెట్లు.

ఇంగ్లిషు మాన్యువళ్లు చూసి మాక్రోలు నేర్చుకున్నవాళ్లు తెలుగులో బోర్లా పడేది విభక్తి దగ్గర. డీలరు పేరు మాక్రోలో పెట్టి వెనక ‘కు’ తగిలించావు. ‘సీతకు’ సరే. పేరు ‘రవి’ అయితే ‘రవికు’ అని వస్తుంది, అది తెలుగేనా? ‘సుధీర్’ అయితే పొల్లు పోయి, ర కింద క వత్తు పడి ‘సుధీర్కు’ అయ్యే ప్రమాదం. మధ్యలో జీరో విడ్త్ నాన్ జాయినర్ (అక్షరాలు కలవకుండా ఆపే, కంటికి కనపడని గుర్తు) దూరిస్తే వత్తు పడదు గానీ, ‘రవికు’ను అది బాగుచేయదు. కొందరు ప్రతి పేరుకూ ‘కు’ రూపానికో మాక్రో, ‘తో’ రూపానికో మాక్రో రాస్తారు. నాలుగు పేర్లయ్యేసరికి ఏది ఎక్కడ మార్చాలో వాళ్లకే తెలీదు.

మారే మాట మీద విభక్తి మోపకు. దాని వెనక మారని మాట ఒకటి నిలబెట్టి, విభక్తిని దానికి తగిలించు. మనుషుల పేర్లకు ‘గారు’ ఉండనే ఉంది: సీత గారికి, రవి గారికి, సుధీర్ గారికి. ఎవరొచ్చినా వాక్యం చెక్కుచెదరదు. స్టార్టర్ పేరుకు ‘మోడల్’ పెట్టు, ఊరి పేరుకు ‘గ్రామం’ పెట్టు. ‘గ్రామానికి’లో మారే భాగమంతా నీ చేతిలోనే ఉంటుంది, మాక్రో జోలికి పోదు.

అలాగని ‘గమనిక’కూ ‘దయచేసి’కీ మాక్రోలెందుకయ్యా? అవి ఎప్పటికీ మారవు. తీసెయ్.

ఫాంట్ల సంగతి, పారితోషికం సంగతి అడిగావు. ఇప్పుడు కాదు. ముందు 21వ పేజీలో రిలే అంకె దిద్దు. తర్వాత డీలరు పేరు ఒకసారి ‘రవి’ అనీ, ఒకసారి ‘సుధీర్’ అనీ మార్చి రెండుసార్లు కంపైల్ చెయ్. ఆ పేరు వచ్చిన ప్రతి వాక్యం పైకి చదువు. నాలుక తడబడిన చోట్లు గుర్తుపెట్టి, ఆ పేజీలు మాత్రమే నాకు పంపు.