పీహెచ్‌డీయా, మూడు లక్షల క్వాంట్ కోర్సా?

ప్రశ్న: మా అమ్మాయి ఎమ్మెస్సీ మ్యాథ్స్ రెండో ఏడాది. స్టొకాస్టిక్ డిఫరెన్షియల్ ఈక్వేషన్లను (యాదృచ్ఛిక కుదుపులతో సాగే మార్పులను వర్ణించే సమీకరణాలట) కంప్యూటర్‌తో సాధించే పద్ధతుల మీద ప్రాజెక్టు చేస్తోంది, అందులోనే పీహెచ్‌డీ అంటోంది. మా బావమరిది కొడుకేమో మూడు లక్షల ఆన్‌లైన్ క్వాంట్ ఫైనాన్స్ (గణితంతో మార్కెట్ ధరలు లెక్కగట్టే విద్య) కోర్సు చేయించమంటున్నాడు. ఏది మేలు?
– ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: సబ్జెక్టు పేర్లు మారతాయి గానీ ఈ ఉత్తరం నాకు తరచూ వస్తూనే ఉంటుంది. మీ అసలు దిగులు కోర్సు కాదు. పిల్లకి ముప్ఫై దగ్గరపడేదాకా సంపాదన ఉండదేమో, సంబంధాలు చూసేటప్పుడు ఏం చెప్పుకోవాలో అని. నెట్ పరీక్షలో జేఆర్ఎఫ్ (పరిశోధన ఫెలోషిప్) వస్తే 2023 నుంచి మొదటి రెండేళ్లూ నెలకు 37,000, ఆ తర్వాత 42,000 ఇస్తున్నారు. ఆ పిల్ల మీ దగ్గర చెయ్యి చాచదు.

ఇక ఆ కోర్సు. నాకు వీటి మీద మొదట్నుంచీ గురి లేదు. అలాంటిదే చేసిన కుర్రాడొకడు లామినేషన్ చేయించిన సర్టిఫికెట్‌తో వచ్చాడు. కాగితమిచ్చి, మీ అమ్మాయి సమీకరణాలను చిన్న చిన్న అడుగులుగా సాధించే ఆయిలర్–మారుయామా పద్ధతిలో ఒక్క అడుగు రాయమన్నాను. నాయిస్‌ను, అంటే యాదృచ్ఛిక కుదుపును, అడుగు పొడవుతో గుణించాడు. గుణించాల్సింది దాని వర్గమూలంతో. అడుగు 0.01 అయితే 0.1తో అన్నమాట. అతని లెక్కన అడుగులు చిన్నవయ్యేకొద్దీ నాయిసే మాయమైపోతుంది! రెడీమేడ్ కోడ్ లైబ్రరీలో ఫంక్షన్ పిలవడం మాత్రం బాగా నేర్పారు.

ఆ వర్గమూలం చేసే పని చిన్నది కాదు. ఆ కుదుపులతో సాగే దారిని పది రెట్లు కచ్చితంగా పట్టాలంటే ఈ పద్ధతిలో అడుగులు వంద రెట్లు కావాలి. 1974లో మిల్‌స్టైన్ ప్రచురించిన సవరణతో పది రెట్లు చాలు. కానీ ఆప్షన్ (షేరును ముందే ఖాయం చేసిన ధరకు కొనే లేదా అమ్మే హక్కు) ధర కోసం చాలా దారుల సగటు ఒక్కటే కావాలంటే ఆ సవరణతో పెద్దగా ఒరిగేదేమీ లేదు. ఎక్కడ ఏది దండగో చెప్పగలగడమే క్వాంట్ పని. ఆప్షన్ ధర కట్టే 1973 నాటి బ్లాక్–షోల్స్ సూత్రం వెనకున్నదీ, బొమ్మలు గీసే ఏఐ డిఫ్యూజన్ మోడళ్లలో కనిపించేదీ ఈ జాతి సమీకరణాలే. మీ అమ్మాయి సరుకునే మీకు మూడు లక్షలకు అమ్ముతున్నారండీ.

పీహెచ్‌డీ పూలబాట అననులెండి. గైడు కుదరకపోతే ఐదేళ్లు ఏడేళ్లవుతాయి. చేరేముందు బెంగళూరు ఐఐఎస్సీ, టీఐఎఫ్ఆర్ గణిత కేంద్రం లాంటి చోట్ల వేసవి ప్రాజెక్టుకు ప్రయత్నించమనండి. నచ్చకపోతే అప్పుడే క్వాంట్ ఉద్యోగాలకు దరఖాస్తు పెట్టుకోవచ్చు.

ఒక్క మాట, నొచ్చుకోకండి. మీరు రాసిన నాలుగు పేజీల్లో బావమరిది కొడుకు జీతం రెండుసార్లుంది. అమ్మాయికి ఈ చదువు ఎందుకిష్టమో ఒక్కసారీ లేదు. అడిగారా అసలు? ఆ మూడు లక్షలూ ఆమె పేరిట డిపాజిట్ చేసి, ఈ ఆదివారం ల్యాప్‌టాప్ ముందు పక్కన కూర్చోండి. తెర మీద ఒక గీత వణుకుతూ పోతుంటుంది. అదేంటమ్మా అని అడగండి.