అప్పు తీరని పోర్షా 911: బయానా పంపే ముందు

రెండేళ్ల 911, పెద్దగా తిరగలేదు, బండి మీద అప్పు ఇంకా ఉంది, తనిఖీ అక్కర్లేదు ఈరోజే బయానా పంపమంటున్నారు, ఏం చేయాలని అడిగారు. దయచేసి ఇప్పుడే డబ్బు పంపకండి.

ముందు అప్పు సంగతి తేల్చుకోండి. బాకీ ఎంతో అప్పిచ్చిన సంస్థ నుంచే రాతపూర్వకంగా తెప్పించుకుని, ఆ మొత్తం నేరుగా దానికే కట్టండి. మిగిలిందే అమ్మేవారికి. ఆయన మంచివారే కావచ్చు, కానీ బాకీ తీరేదాకా ఆ సంస్థకు బండిపై హక్కు ఉంటుంది.

వారంటీ ఉంది కాబట్టి తనిఖీ వద్దనే మాట అసలు ఒప్పుకోకండి. గేరు తప్పుగా పడి ఇంజను పరిమితి దాటి తిరిగితే, ఆ సంగతి ఇంజను కంప్యూటర్‌లో నమోదవుతుంది. ఆ కంప్యూటర్ నుంచి తీసే పోర్షా నివేదికలో ఇది, పరిమితిని ఎంత దాటిందనే దాన్ని బట్టి, ఆరు శ్రేణులుగా కనిపిస్తుంది. మొదటి మూడింటిలో అంకెలున్నా కంగారుపడనక్కర్లేదు. 4, 5, 6లో ఉంటే మాత్రం అవి ఇంజను ఎన్ని గంటలు నడిచాక పడ్డాయో తనిఖీ చేసేవారిని చూడమనండి. ఇలాంటి చరిత్ర బయటపడితే వారంటీ కింద మరమ్మతు నిరాకరించే ప్రమాదముంది. ఈ నివేదిక తీయనివ్వని వారి దగ్గర నేనైతే కొనను.

టైరు పక్కన తయారీ కోడ్‌లో చివరి నాలుగంకెలు చూడండి. 1824 అంటే 2024లో 18వ వారం. తక్కువ తిరిగిన బండికి అప్పుడే టైర్లు మారి ఉంటే, రేస్ ట్రాకుపై నడిపారేమో సూటిగా అడగండి. చల్లగా ఉన్న ఇంజను ఎలా స్టార్ట్ అవుతుందో మీరే చూడటానికి, మీరు వెళ్లేసరికి ఇంజను చల్లగా ఉంచమని కూడా ముందే చెప్పండి.

తనిఖీలో తేడా వస్తే బయానా తిరిగిస్తామని రాసిస్తేనే పంపండి.