ఇంగ్లండులో చైల్డ్‌మైండర్‌గా మొదలుపెట్టేవాళ్లు కొత్త రూల్స్ ఎక్కడ చూడాలి, ఎలా చదవాలి?

"రెండేళ్ల పాప ఉంది, డిపెండెంట్ వీసా మీద ఉన్నాను, ఇంట్లోనే చైల్డ్‌మైండర్‌గా రిజిస్టర్ అవుదామనుకుంటున్నాను. గ్రూపుల్లో తలా ఒక మాట చెబుతున్నారు. ఏటా రూల్స్ మారుతుంటే మీరంతా ఎలా తెలుసుకుంటున్నారు?" అని కదా మీరు అడిగింది. నేను మిడ్‌ల్యాండ్స్‌లో కొన్నేళ్లుగా ఇదే పనిలో, అంటే ఫీజు తీసుకుని మా ఇంట్లో ఇతరుల పిల్లల్ని చూసుకునే పనిలో ఉన్నాను. నాకు పనికొచ్చిన పద్ధతి చెబుతాను.

ముందు గ్రూపుల సంగతి. వాటిని వదిలేయమని అనను. ఏ షాపులో సేఫ్టీ గేటు దొరుకుతుంది, ఇన్‌స్పెక్షన్ రోజున టెన్షన్ ఎలా తగ్గించుకోవాలి అంటే అక్కడ అడగాల్సిందే. కానీ రూల్ ఏమిటన్నది మాత్రం అక్కడ అడక్కండి. ఇంగ్లండు, వేల్స్, స్కాట్లండులకు వేర్వేరు నిబంధనలు, వేర్వేరు తనిఖీ సంస్థలు. మన ఇంగ్లండులో ఆఫ్‌స్టెడ్. ఒకే గ్రూపులో కార్డిఫ్ ఆవిడ, గ్లాస్గో ఆవిడ, లెస్టర్ ఆవిడ ఒకే ప్రశ్నకు మూడు జవాబులు ఇస్తారు. ముగ్గురిదీ వాళ్ల వాళ్ల చోట కరెక్టే. పైగా మూడేళ్ల నాటి పీడీఎఫ్‌ను కొత్తదనుకుని ఫార్వర్డ్ చేసేవాళ్లు ఎప్పుడూ ఉంటారు.

అసలు చూడాల్సింది ఈవైఎఫ్ఎస్ (ఎర్లీ ఇయర్స్ ఫౌండేషన్ స్టేజ్) స్టాట్యూటరీ ఫ్రేమ్‌వర్క్, అంటే పుట్టినప్పటి నుంచి అయిదేళ్ల దాకా పిల్లల్ని చూసుకునేవాళ్లకు చట్టబద్ధమైన రూల్ బుక్. 2024 జనవరి నుంచి ఇది రెండు పుస్తకాలుగా వస్తోంది: చైల్డ్‌మైండర్లకు ఒకటి, నర్సరీలు, స్కూళ్లకు ఇంకొకటి. మీకు కావాల్సింది మొదటిది. ప్రభుత్వ వెబ్‌సైటు గవ్.యూకేలో ఆ పేజీకి ఈమెయిల్ అలర్ట్ పెట్టుకుంటే మార్పు వచ్చినప్పుడల్లా మెయిల్ వస్తుంది. ఆ రూల్‌ను రోజువారీ పనిలో ఎలా పెట్టాలో తెలియాలంటే డిపార్ట్‌మెంట్ ఫర్ ఎడ్యుకేషన్ వారి 'హెల్ప్ ఫర్ ఎర్లీ ఇయర్స్ ప్రొవైడర్స్' సైటు చూడండి. భాష తేలిగ్గా ఉంటుంది, ఉదాహరణలుంటాయి. డబ్బుల విషయం, అంటే ఫండెడ్ అవర్స్ (ప్రభుత్వం డబ్బు కట్టే గంటలు) గురించి, మీ కౌన్సిల్ ఎర్లీ ఇయర్స్ టీమ్‌ను అడగండి. ఎందుకంటే చెల్లించేది వాళ్లే. ఈ మూడూ చాలు.

ఫ్రేమ్‌వర్క్ చదివేటప్పుడు ఒక్కటి గుర్తుంచుకోండి. అందులో తప్పనిసరిగా చేయాల్సినవి వేరు, వదిలేయడానికి సరైన కారణం లేకపోతే పాటించాల్సినవి వేరు. ఈ రెంటిలోనూ లేనివి చాలావరకు మార్కెట్లో అమ్మేవాళ్లు సృష్టించినవి. పిల్లల ఎదుగుదల మీద డిపార్ట్‌మెంట్ ఫర్ ఎడ్యుకేషన్ ఇచ్చే 'డెవలప్‌మెంట్ మ్యాటర్స్' మంచి పుస్తకమే, నేనూ వాడతాను, కానీ అది చట్టబద్ధం కాదు. పిల్లవాడు చేసిన ప్రతి పనికీ ఫొటో తీసి, పక్కన నాలుగు లైన్లు రాసి ఫైల్ చేయాలన్న రూల్ ఎక్కడా లేదు. అసలు కాగితాల పని కోసం పిల్లలతో గడిపే సమయం తగ్గించుకోవద్దనే ఫ్రేమ్‌వర్క్ అంటుంది. చైల్డ్‌మైండర్లకైతే పాలసీలన్నీ రాతపూర్వకంగా ఉండాలని కూడా లేదు. తల్లిదండ్రులు, ఇన్‌స్పెక్టర్ అడిగితే నోటితో వివరించగలగాలి. అయినా యాభై పేజీల 'రెడీమేడ్ పాలసీ ప్యాక్' కొనుక్కునేవాళ్లు బోలెడుమంది. కొన్నాక దాన్ని చదవరు. ఇన్‌స్పెక్టర్ అందులోంచే ఒక ప్రశ్న అడిగితే తెల్లమొహం వేస్తారు. మీరు మాత్రం ఆ డబ్బు దండగ చేసుకోకండి.

రాసి తీరాల్సినవీ ఉన్నాయి. రోజూ ఎవరు ఎన్నింటికి వచ్చారు, ఎన్నింటికి వెళ్లారు, దెబ్బలు, ఫస్ట్ ఎయిడ్, మందులు ఇచ్చిన వివరం, ఫిర్యాదులు, ఇంకా రెండేళ్లకూ మూడేళ్లకూ మధ్య ప్రతి బిడ్డ ఎదుగుదల గురించి తల్లిదండ్రులకు రాసివ్వాల్సిన ప్రోగ్రెస్ చెక్. రాతపూర్వకంగా ఫిర్యాదు వస్తే 28 రోజుల్లోగా ఏం తేలిందో చెప్పాలి.

ఇక 2025 సెప్టెంబరులో వచ్చిన మార్పుల్లో అన్నిటికంటే ఎక్కువగా మన వంటగదిని తాకింది భోజనం దగ్గరి రూల్. మిగతా వేళల్లో పిల్లలు మామూలుగా కనపడుతూ, వినపడుతూ ఉండాలి, కనీసం కంటికో చెవికో అందుతుండాలి. తినేటప్పుడు అది సరిపోదు: కనపడాలి, వినపడాలి, రెండూ. వీలైనంతవరకు వాళ్లకు ఎదురుగా కూర్చోవాలి. పీడియాట్రిక్ ఫస్ట్ ఎయిడ్ (పిల్లల ప్రథమ చికిత్స) సర్టిఫికెట్ ఉన్న మనిషి అదే గదిలో ఉండాలి. కారణం చాలా సూటిగా ఉంది. గొంతుకు పూర్తిగా అడ్డుపడితే బిడ్డ దగ్గదు, ఏడవదు, శబ్దమే రాదు. వీపు ఇటు పెట్టి సింకు దగ్గర గిన్నెలు కడుగుతూ "ఏం చప్పుడు లేదు, బుద్ధిగా తింటున్నారు" అనుకుంటే, ఆ చప్పుడు లేకపోవడమే ప్రమాదం కావచ్చు.

మా ఇంట్లో ఇలా చేస్తాం. పిల్లల్ని కుర్చీల్లో కూర్చోబెట్టే ముందే నీళ్లు, స్పూన్లు, తుడిచే గుడ్డ, రెండోసారి వడ్డించేది అన్నీ బల్ల మీదికి వచ్చేయాలి. ఒకసారి కూర్చున్నాక నేను లేవను. డోర్‌బెల్ మోగితే మోగనీ, పార్సిల్ పక్కింటికి వెళ్తుంది. ఏడాది లోపు పాపను హై చైర్‌లో నాకు నేరుగా ఎదురుగా పెడతాను, పెద్దవాళ్లను అటూ ఇటూ. నేనూ అదే టైముకు తింటాను. చిన్నవాళ్లు నమలడం పెద్దవాళ్ల నోళ్లు చూసే నేర్చుకుంటారు, అది వేరే లాభం.

ఆహారం కోసే తీరుకు కూడా పద్ధతి ఉంది. ద్రాక్ష, చెర్రీ టమాటా లాంటివి అడ్డంగా రెండు ముక్కలు చేస్తే ప్రయోజనం లేదు, ఆ గుండ్రటి ముక్క గొంతులో బిరడాలా పట్టేస్తుంది. నిలువుగా నాలుగు చీలికలు చేయాలి. పచ్చి క్యారెట్, యాపిల్ తురమాలి, లేదా ఉడికించి మెత్తబరచాలి. అయిదేళ్ల లోపు పిల్లలకు గింజలు, పల్లీలు, జీడిపప్పు అలాగే పెట్టకూడదు. మన తాలింపులో, పులిహోరలో పల్లీ ఉంటుందని మనకు గుర్తే ఉండదు, కాబట్టి ప్రత్యేకంగా చెబుతున్నాను. ఏడాది లోపు పిల్లలకు తేనె వద్దు. పాప్‌కార్న్ అసలు వద్దు. తల్లి డబ్బాలో పెట్టి పంపినా సరే, మన బల్ల మీదికి వచ్చాక బాధ్యత మనది. మా దగ్గరికి వచ్చే ఒక బాబు డబ్బాలో రోజూ ద్రాక్ష గుత్తి అలాగే ఉండేది. వాళ్లమ్మకు లెక్చర్ ఇవ్వలేదు. సాయంత్రం బాబును తీసుకెళ్లడానికి వచ్చినప్పుడు ఒక ద్రాక్ష ఆమె ముందే కోసి చూపించాను, మర్నాటి నుంచి కోసినవే వచ్చాయి.

గొంతుకు అడ్డుపడి మనం కల్పించుకోవాల్సి వస్తే, ఎక్కడ ఎలా జరిగిందో రాసి తల్లిదండ్రులకు చెప్పాలి. బిడ్డ చేరే ముందే అలర్జీలు, ఘనాహారం ఏ దశలో ఉంది అడిగి రాసుకోవాలి. అది ఒక్కసారి అడిగి వదిలేసేది కాదు. ఎనిమిది నెలల బిడ్డ తినే తిండి పది నెలలకు మారిపోతుంది కదా.

అదే సెప్టెంబరులో వచ్చిన మిగతావి త్వరగా చెప్పేస్తాను. బిడ్డ చెప్పాపెట్టకుండా రాకపోతే ఫోన్ చేసి కనుక్కోవాలి, ఎవరూ ఎత్తకపోతే ఏం చేస్తారో ముందే తల్లిదండ్రులకు తెలియాలి. అందుకే వీలైతే ఇద్దరికంటే ఎక్కువ మంది ఎమర్జెన్సీ నంబర్లు తీసుకోవాలి. మన వాళ్లు చాలామంది అమ్మ, నాన్న నంబర్లు ఇచ్చి ఇంకెవరూ లేరంటారు. పక్కింటివాళ్లో ఆఫీసు స్నేహితులో, ఒకరిని అడిగి రాయించండి. సేఫ్‌గార్డింగ్ (పిల్లల రక్షణ) ట్రైనింగ్ రెండేళ్లకోసారి కొత్తగా చేయాలి. పీడియాట్రిక్ ఫస్ట్ ఎయిడ్ మాత్రం మూడేళ్లకోసారి. అది 12 గంటల పూర్తి కోర్సు అయి ఉండాలి, రిజిస్ట్రేషన్‌కు ముందే చేతిలో ఉండాలి. ఒక్కపూట కోర్సులు చవగ్గా కనిపిస్తాయి, అవి చెల్లవు.

ఫండెడ్ అవర్స్ దగ్గర మీకు ఎక్కువ ప్రశ్నలు వస్తాయి, ఎందుకంటే తల్లిదండ్రులు కౌన్సిల్‌ను కాదు, మనల్ని అడుగుతారు. పనిచేసే తల్లిదండ్రుల పిల్లలకు 2025 సెప్టెంబరు నుంచి 9 నెలల వయసు దాటాక వారానికి 30 గంటలు, ఏడాదికి 38 వారాలు. అంటే మొత్తం 1140 గంటలు. మీరు ఒప్పుకుంటే వాటిని ఏడాది పొడవునా పరుచుకోవచ్చు, అప్పుడు వారానికి సుమారు 22 గంటలు పడతాయి. బిడ్డకు 9 నెలలు నిండిన రోజు నుంచి కాదు, ఆ తర్వాతి టర్మ్ నుంచి. దీనికి తల్లిదండ్రులు గవ్.యూకేలో అప్లై చేసి ఒక కోడ్ తెచ్చుకోవాలి. టర్మ్‌ను బట్టి ఆ కోడ్ ఆగస్టు 31, డిసెంబరు 31, మార్చి 31 లోపు రావాలి, ప్రతి మూడు నెలలకూ తల్లిదండ్రులు దాన్ని రీకన్ఫర్మ్ చేయాలి. వాళ్లు మరచిపోతే నష్టపోయేది మన రెండిళ్లూ. నేను ఫోన్‌లో రిమైండర్ పెట్టుకుని ప్రతి ఇంటికీ మెసేజ్ పెడతాను. అది నా బాధ్యత కాదు, కానీ నెల చివర గొడవ కంటే ఒక మెసేజ్ నయం.

వీసా మీద ఉన్న మన వాళ్లు ఇక్కడే పొరపడుతుంటారు. ఈ వర్కింగ్ పేరెంట్ గంటలకు తల్లిదండ్రుల్లో కనీసం ఒకరికి పబ్లిక్ ఫండ్స్ (ప్రభుత్వ సహాయ పథకాలు) వాడుకునే అనుమతో, ఈయూ పౌరులకు, వాళ్ల కుటుంబాలకు ఇచ్చే సెటిల్డ్ లేదా ప్రీ సెటిల్డ్ స్టేటసో, బ్రిటిష్ లేదా ఐరిష్ పౌరసత్వమో ఉండాలి. ఇద్దరూ స్కిల్డ్ వర్కర్ వీసా, దాని డిపెండెంట్ వీసాల మీద ఉంటే సాధారణంగా రావు. మూడు నాలుగేళ్ల పిల్లలందరికీ ఇచ్చే 15 గంటలు మాత్రం వాళ్లకూ వర్తిస్తాయి. ఇంకొకటి: భోజనానికో నాపీలకో డబ్బు తీసుకోవచ్చు, కానీ అవి కడితేనే సీటు అనకూడదు.

ఆఫ్‌స్టెడ్ గురించి భయపెట్టే పోస్టులు చాలా చూసి ఉంటారు. 2025 నవంబరు నుంచి 'అవుట్‌స్టాండింగ్', 'గుడ్' అంటూ మొత్తానికి ఒకే మాట ఇవ్వడం పోయింది, రిపోర్ట్ కార్డు వచ్చింది. ఒక్కో అంశానికీ విడిగా గ్రేడు, సేఫ్‌గార్డింగ్‌కు మాత్రం పాటించారా లేదా అన్నదే. ఇన్‌స్పెక్టర్ నాలాంటి ఇంట్లో చూసేది పిల్లలతో మనం ఎలా మాట్లాడుతున్నాం, ఏది ఎందుకు చేస్తున్నాం అన్నదే. గోడల మీద అతికించిన చార్టులకు పెద్దగా విలువ లేదు.

ఇప్పుడు మీ సొంత లెక్క. మీరొక్కరే చూస్తే ఎనిమిదేళ్ల లోపు పిల్లలు ఆరుగురికి మించకూడదు. వారిలో అయిదేళ్ల పుట్టినరోజు తర్వాత వచ్చే సెప్టెంబరు 1 దాటని చిన్నపిల్లలు ముగ్గురు, ఆ ముగ్గురిలో ఏడాది లోపు బిడ్డ ఒక్కరే. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, సొంత పసిబిడ్డ ఉన్నప్పుడు కొన్ని మినహాయింపులున్నాయి, వాటిని ఫ్రేమ్‌వర్క్‌లోనే చదువుకోండి. మీ పాప కూడా ఈ లెక్కలోకి వస్తుంది. అంటే పగలంతా ఉండే చిన్నపిల్లలకు మీ దగ్గర మిగిలేవి రెండు సీట్లే. మీ పాపకు మీ దగ్గరే ఫండెడ్ గంటలు క్లెయిమ్ చేయడం కుదరదు. ఆదాయం అంచనా వేసుకునేటప్పుడు చాలామంది ముగ్గురి ఫీజు వేసుకుంటారు, మీరు ఇద్దరిదే వేసుకోండి.

చైల్డ్‌మైండర్ అంటే సెల్ఫ్ ఎంప్లాయ్డ్. మీ డిపెండెంట్ వీసా మీద అది కుదురుతుంది. స్టూడెంట్ వీసా మీద కుదరదు. ఈ సంగతి ఇంకెవరైనా చదువుతున్నారేమోనని రాస్తున్నాను. ఆఫ్‌స్టెడ్ వారి ఎర్లీ ఇయర్స్ రిజిస్టర్‌కు చైల్డ్‌మైండర్ ఫీజు ఏడాదికి 35 పౌండ్లు, అది పెద్ద భారం కాదు. టైము పట్టేది చెక్‌ల దగ్గర. ఇంట్లో ఉండే 16 ఏళ్లు, ఆ పైబడిన ప్రతి ఒక్కరికీ డీబీఎస్ (నేర చరిత్ర తనిఖీ) కావాలి, మీ వారికి కూడా. గత 5 ఏళ్లలో ఇండియాలో ఉండి ఉంటే అక్కడి పోలీస్ క్లియరెన్స్ కూడా అడుగుతారు. దానికి ముందే అప్లై చేయండి, మిగతావన్నీ సిద్ధమై అదొక్కటి ఆగిపోవడం మన వాళ్లలో మామూలే.

పిల్లలతో తెలుగు మాట్లాడవచ్చా అని కూడా అడిగారు. మాట్లాడవచ్చు. ఇంట్లో వేరే భాష మాట్లాడే పిల్లలకు ఆ భాషలో ఆడుకునే, నేర్చుకునే అవకాశం కల్పించాలని ఫ్రేమ్‌వర్కే చెబుతోంది. దాంతోపాటు ఇంగ్లిష్ కూడా బాగా రావాలి, అంతే. మీకు రికార్డులు రాయడానికి, ఎమర్జెన్సీ నంబరు 999కి ఫోన్ చేసి పరిస్థితి చెప్పడానికి సరిపడా ఇంగ్లిష్ ఉండాలి. మీ ప్రశ్న చూస్తే ఆ ఇబ్బంది లేదనే అనిపిస్తోంది.

చివరగా, మీ అత్తమామలు ఆరు నెలలకని వస్తారని రాశారు. ఇంట్లో ఉండే పెద్దవాళ్లు మారితే 14 రోజుల్లోగా ఆఫ్‌స్టెడ్‌కు తెలపాలి. ఆరు నెలలు ఉండేవాళ్లను చుట్టాలు అనుకోవాలా, ఇంట్లో మనుషులు అనుకోవాలా అని మీలో మీరే తేల్చుకోకుండా, టికెట్లు బుక్ చేయగానే ఆఫ్‌స్టెడ్‌కు మెయిల్ రాసి, వచ్చిన జవాబు దాచుకోండి. ఏ జవాబు వచ్చినా, చెక్ కాని మనిషి దగ్గర ఒక్క బిడ్డనైనా అయిదు నిమిషాలకు కూడా ఒంటరిగా వదలకూడదు. "నేను చూస్తాలే, నువ్వు వెళ్లి స్నానం చేసిరా" అని అత్తగారు ప్రేమగానే అంటారు. ఆవిడ విమానం ఎక్కకముందే ఫోన్‌లో ఈ సంగతి నెమ్మదిగా చెప్పేయమని నా సలహా. వచ్చాక చెబితే నొచ్చుకుంటారు.